స్వేదసంజీవని: ఒక పరుగు ప్రకటనకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాయబోతూ కోలాచల మల్లినాథసూరి రెండు మాటలిచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ఆయన మెతుకుసీమ తెలుగువాడు, మాట నిలబెట్టుకున్నాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నావల్ల కాదు. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. అక్కరలేనిది చెప్పకపోతే నలభై అయిదు నిమిషాల పీరియడు ఎట్లా గడిచేది?

నేను వ్యాఖ్యానించబోయే గ్రంథం అయిదు వాక్యాలు. దాని పుట్టుక ఇది. జమ్మలమడుగులో మేం కొందరం ఆదివారాలు పరుగెత్తుతాం. (నా విషయంలో ఆ క్రియను లక్షణార్థంలో తీసుకోవాలి.) నెలాఖరు ఆదివారం మాత్రం పదిహేను కిలోమీటర్ల అవతలి గండికోటకు పోతాం. కోటవాకిలి దగ్గర మొదలుపెట్టి చార్మినారు, జైలు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు, రంగనాథుని గుడి చుట్టి, పెన్నా గండి అంచుకు కొంచెం ఇవతలే ఆగిపోతాం. కొన్నేళ్లపాటు దీనికి ప్రకటన అంటూ లేదు. శనివారం రాత్రి ఎవరో ఒకరు ‘రేపు మబ్బులో’ అంటే అందరికీ అర్థమయ్యేది. తర్వాత గుంపు పెరిగింది. గుంపు పెరిగితే అధ్యక్షుడు, అధ్యక్షుడుంటే బ్యానరు, బ్యానరుంటే ముఖ్య అతిథి, ముఖ్య అతిథి ఉంటే ప్రకటన. తర్కశాస్త్రంలో పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధం తర్వాత ఇంత గట్టిది ఇదే.

మూలము

“వాతావరణ పరిస్థితుల దృష్ట్యా ఆదివారం పరుగు యథాతథంగా, తగు మార్పులతో నిర్వహించబడును. మబ్బుగా ఉన్నచో ముందుగా ప్రారంభించబడును. వర్షం పడినచో ముఖ్య అతిథి నిర్ణయమే తుది నిర్ణయం. తడిసినచో నిర్వాహకులు బాధ్యులు కారు. సభ్యులు సమయపాలన పాటించి సహకరించగలరు.”

పాఠవిచారము

నాకు దొరికిన ప్రతులు మూడు: టీకొట్టు గోడకు అతికించినది, ఫోనుకు వచ్చినది, దాన్ని సవరిస్తూ మళ్లీ ఫోనుకు వచ్చినది. మూడోదానిలో ‘ఆదివారం పరుగు’ ఉండాల్సిన చోట ‘ఆదివారం పరువు’ అని ఉంది. అచ్చుతప్పని కుర్రవాళ్లు నవ్వారు. తొందరపడ్డారు. పాత తెలుగులో పరువు అంటే పరుగే. పరువిడడం, పరువులెత్తడం కావ్యాల్లో మామూలు. గౌరవమనే అర్థం ఎటూ ఉంది. ఒక్క అక్షరం జారి, ఇది కాళ్ల వ్యవహారమూ అవుతుంది, ప్రతిష్ఠ వ్యవహారమూ అవుతుంది అని చెప్పేసింది. రాసినవాడికి తెలియకుండా పడిన శ్లేషను సరస్వతీ కటాక్షం అనాలి. నేను ‘పరువు’నే మూలపాఠంగా గ్రహిస్తున్నాను.

టీక

వాతావరణ: వాత + ఆవరణము, గాలి పొర. భూమి కప్పుకున్న దుప్పటికి ఇది సరైన పేరే. ఆ దుప్పటి కింద ఈ పూట ఏం జరుగుతున్నదో చెప్పడానికి మనకు వాన, ఎండ, చలి, ఉక్క, ముసురు, మోడం, తుంపర, వడగాలి అనే మాటలున్నాయి. వీటిలో ఏ ఒక్కటి రాయాలన్నా రాసేవాడు ఒకసారి తలెత్తి ఆకాశం చూడాలి. ‘వాతావరణ పరిస్థితులు’ అని రాయడానికి ఆ శ్రమ లేదు.

పరిస్థితుల దృష్ట్యా: సుగమము.

యథాతథంగా, తగు మార్పులతో: ఆక్షేపణ: యథాతథమైనది మారదు, మారినది యథాతథం కాదు, ఈ రెండూ ఒకే పరుగుకు ఎట్లా పొసగుతాయి? సమాధానం: అద్వైతం తెలిసినవాడికి ఇది చిక్కే కాదు. మారేది జగత్తు, మారనిది బ్రహ్మం. ఇక్కడ మారేవి బయల్దేరే వేళ, దారి, దూరం, నీళ్లు పెట్టే చోటు. మారనిది బ్యానరు. విశిష్టాద్వైతులు మరో అడుగు వేసి, పరుగు బ్యానరుకు శరీరం వంటిదంటారు. నాకు ఈ రెండో మతమే అనుభవానికి దగ్గరగా కనిపిస్తుంది.

నిర్వహించబడును: కర్మణి ప్రయోగం. ఎవడు నిర్వహిస్తాడన్నది అధ్యాహారం, అంటే చదివేవాడే తెచ్చుకుని పెట్టుకోవాలి. తెలుగుకు ఈ ‘బడు’ ఇంటి కొడుకు కాదు, ఇల్లరికం వచ్చినవాడు. మన ఇళ్లల్లో ‘అన్నం వడ్డించబడింది’ అని ఎవరూ అనరు. అంటే వడ్డించినామె ఊరుకోదు. పని చేసినవాళ్లు పేరు దాచుకోరు. చేయనివాళ్లకే కర్మణి కావాలి. ఈ ప్రకటన మొత్తంలో నిర్వాహకులు కర్తలుగా కనిపించే వాక్యం ఒక్కటే ఉంది, నాలుగోది. అందులో వాళ్లు చేసే పని ‘బాధ్యులు కాకపోవడం’.

మబ్బుగా ఉన్నచో: దీన్ని రాసిన కార్యదర్శి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, మంచివాడు. ఆయన ఉద్దేశం మేఘం. రాయలసీమలో మేఘం కమ్మితే ‘మోడం పట్టింది’ అంటారు. మబ్బు అంటే తెల్లవారుజాము చీకటి. ‘మబ్బులో లేసినాడు’ అంటే మేఘాల్లో నిద్రలేచాడని కాదు, కోడి కూయకముందే లేచాడని. ఈ భేదం వల్ల జరిగినదేమంటే, ప్రకటన చదివి సగం మంది నాలుగున్నరకే కోటవాకిలి దగ్గర నిలబడ్డారు. మిగతా సగం మంది ఆరింటికి ఇంటి ముందుకొచ్చి, ఆకాశంలో ఒక్క మేఘం లేకపోవడం చూసి, తలుపేసుకుని పడుకున్నారు. ముందు వచ్చినవాళ్లది సరైన పాఠమని నా సిద్ధాంతం.

దీనికి వ్యాకరణం కాక మరో ప్రమాణముంది, రాయి. గండికోట నిలబడిన రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. ఆ బండ పగలంతా ఎండ తాగుతుంది, పొద్దు గూకాక మెల్లగా వదులుతుంది. అందుకే వేసవిలో సాయంత్రం ఏడింటికి కూడా కోటలో పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది. రాత్రంతా చల్లబడుతూ వచ్చిన నేల అన్నిటికన్నా చల్లగా ఉండేది పొద్దు పొడిచే ముందే, అంటే మబ్బులో. ఈ సంగతి నాపరాయి గనుల్లో పనిచేసే మా పక్కింటాయన ఒక్క ముక్కలో చెప్పాడు: “రాయి కాగేలోపల పని ఇడిచిపెట్టాల సామీ. రాయితో పాటు మనం కాగితే ఎట్ల?” పెద్ద పోటీలు నడిపేవాళ్లకూ ఈ ముక్క తెలుసు. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను రాత్రి 11:59కి మొదలుపెట్టారు. అయినా 68 మందిలో 28 మంది పూర్తి చేయలేకపోయారు. అక్కడ అర్ధరాత్రి కూడా చాల్లేదు. మా ప్రకటనకు ఉదయం ఏడింటి ఎండ చాలు.

వర్షం పడినచో ముఖ్య అతిథి నిర్ణయమే తుది నిర్ణయం: తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి. ముందే తేదీ తీసుకుని, రెండు ఫోన్లు చేయించుకుని, గంటన్నర ఆలస్యంగా వచ్చేవాడికి ఈ మాట చెల్లదు. సీమలో తిథి చెప్పకుండా వచ్చేది వాన ఒక్కటే. కాబట్టి ముఖ్య అతిథి వానే. ఇట్లా అన్వయిస్తే వాక్యం బంగారంలా ఉంది: వర్షం పడితే వర్షం నిర్ణయమే తుది నిర్ణయం.

సీమలో వాన తక్కువ గనక దాన్ని ముద్దు చేసే అలవాటు మనకుంది. కానీ 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు వాన ఎవరినీ అడగలేదు. కోట మీద వానకు రెండు గుణాలు. ఒకటి, గండి అంచు బండలు తడిస్తే నూనె రాసినట్టవుతాయి; కింద పెన్న చాలా లోతున ఉంటుంది. రెండోది పిడుగు. బోడికొండ మీద నిటారుగా నిలబడినవాడు పిడుగుకు ఎంత ఇష్టుడో చెప్పనక్కర్లేదు. మెరిసిన తర్వాత ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. దిగిపోవాలి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. మా వాళ్లు చేసినదేమిటంటే, ఉరుముతుండగా అందరినీ షామియానా కిందికి పిలిచారు. షామియానాకు ఇనుప కంబాలు. కంబాలకు బ్యానరు. బ్యానరు తడవలేదు.

తడిసినచో: ఇక్కడ ఆగాలి. తెలుగులో, పోయేచోట ఎండో మంచో కనుక్కోకుండా బయల్దేరి, కాళ్లు తడిసి, వేళకు ఇంటికి రాలేకపోయినవాళ్లలో పేరుమోసినవాడు ప్రవరుడు. ఆయన కథను మనుచరిత్రగా చెప్పిన అల్లసాని పెద్దన మాకు పరాయివాడు కాడు. కమలాపురం దగ్గరి కోకటం ఆయనకు అగ్రహారంగా దక్కిన ఊరు. ఆ మనుచరిత్రకూ, వసుచరిత్రకూ టీకలు రాసిన జూలూరి అప్పయ్య సి.పి. బ్రౌను కొలువులోని పండితుడు. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలు సరిచూపించిన చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. కనక ఈ జిల్లావాడు టీక రాయబోతే ప్రవరుడు అడ్డం రాక మానడు.

కథ తెలిసిందే. అరుణాస్పదపురంలో గడప దాటని గృహస్థు, యాత్రికుల కబుర్లంటే చెవి కోసుకునేవాడు. ఒక సిద్ధుడు వచ్చి కాళ్లకు పసరు పూశాడు. పూసిందే తడవు, హిమాలయం. అంత వేగం ఈనాటి ఏ బూటు కంపెనీకీ చేతకాలేదు. చూడాల్సినవన్నీ చూసి, మధ్యాహ్నం అనుష్ఠానానికి ఇల్లు గుర్తొచ్చేసరికి, మంచునీటికి పసరు కరిగిపోయి ఉంది.

పండితులు అప్సరస వరూధిని దగ్గరికి చేరాలనే ఆత్రంలో ఇక్కడ అడగాల్సినవి అడగలేదు. ఒకటి: ప్రవరుడి కాళ్లకు పావుకోళ్లున్నాయా? ఉంటే పసరు మంచుకు తగలకూడదు. తగిలింది గనక వట్టికాళ్లతో పోయాడు. మంచుకొండకు వట్టికాళ్లతో! రెండు: నీటికి కరిగే పసరని సిద్ధుడికి తెలుసా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు, తెలియకపోతే ఎందుకు పూశాడు? మూడు: తిరుగు ప్రయాణానికి సరిపడా ఒక దొన్నెలో ఎందుకు కట్టివ్వలేదు? నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం: ఆ పసరులో కలిపిన ద్రవ్యమేమిటి? నీటికి కరిగింది గనక ఆముదం మాత్రం కాదు. కర్నూలు జిల్లా ఆముదం పంటకు పేరున్నదే. ఆ సిద్ధుడు వచ్చే దారిలో ఒక్కసారి ఇటు తిరిగి, నాలుగు గరిటెల ఆముదం కలుపుకుని పోయి ఉంటే, ప్రవరుడు భోజనం వేళకు ఇంటికి చేరేవాడు. వరూధినికి విరహం ఉండేది కాదు. గంధర్వుడికి ప్రవరుడి వేషం వేసే పని ఉండేది కాదు. స్వారోచిషుడనే మనువు పుట్టేవాడు కాదు, మనుచరిత్రే ఉండేది కాదు, అప్పయ్యకు జీతం ఉండేది కాదు. తెలుగు సాహిత్యంలో ఒక స్వర్ణయుగమంతా నాలుగు గరిటెల ఆముదం లేకపోవడం మీద నిలబడి ఉంది. ఈ సంగతి ఇంతకుముందు ఎవరైనా గమనించి ఉంటే వాళ్లకు నమస్కారం, లేకపోతే నాకు.

ఇంకా ఉంది. దిక్కు తెలియక తిరుగుతుంటే గాలి తాంబూలపు వాసన మోసుకొచ్చింది. వాసన పట్టుకుని పోతే వరూధిని. ఆయన దారి అడిగాడు. ఆమె దారి తప్ప అన్నీ మాట్లాడింది. పరుగుల పరిభాషలో అది నీళ్లు పెట్టిన మొదటి చోటు, రెండోది లేదు. చివరికి అగ్నిని ప్రార్థిస్తే ఆయన ఒంట్లో ప్రవేశించి ఇల్లు చేర్చాడు. మంచులో చిక్కినవాణ్ణి అగ్ని కాపాడాడు, న్యాయమే. గండికోటలో ఏప్రిల్ చివర పదింటికి అగ్ని ప్రార్థించకుండానే ఒంట్లో ప్రవేశిస్తాడు. ఆయన్ని బయటికి పంపే హిమాలయం మాత్రం దగ్గర్లో లేదు.

ఎక్కడున్నాం? తడిసినచో.

నిర్వాహకులు బాధ్యులు కారు: సిద్ధుడి మతమే ఇది. పసరు పూసి తన దారిన తాను పోవడం.

సమయపాలన పాటించి: సభ్యులు పాటించాలి. అతిథికి ఇది అన్వయించదు; అన్వయిస్తే ‘సభ్యులు’ అన్న పదానికి అతివ్యాప్తి దోషం వస్తుంది.

సహకరించగలరు: ‘గల’ శక్తిని చెప్పేది. ఈత కొట్టగలరు అంటే ఈత వచ్చునని. ‘సహకరించగలరు’ అంటే మాకు సహకరించే శక్తి ఉందని ప్రకటన నిర్ధారిస్తున్నది. అడగడం లేదు, ‘దయచేసి’ అనడం లేదు, మా సత్తా మాకే వినిపిస్తున్నది. కచేరీ కాగితాల్లో ఈ ‘గలరు’ ఎప్పుడు చేరిందో గానీ, చేరిన రోజు నుంచి తెలుగులో మన్నన మాయమై సామర్థ్యం మిగిలింది.

అనుక్తము

మంచి వ్యాఖ్యాత చెప్పినదాన్నే కాదు, చెప్పనిదాన్నీ చూడాలి. ఈ ప్రకటన సీమలో, వేసవిలో పుట్టింది. ఇందులో మబ్బు ఉంది, వర్షం ఉంది, తడవడం ఉంది. ‘ఎండ’ అనే రెండక్షరాలు లేవు.

ఎక్కడో వాన ఎక్కువ పడే ఊరి కాగితం చూసి రాసినట్టున్నారు. మైదానాల్లో పగటి వేడి 45 డిగ్రీలు తాకితే వాతావరణ శాఖ దాన్ని వడగాలి కింద లెక్కగడుతుంది. కడప, కర్నూలు సీమలకు ఆ అంకె కొత్త కాదు. పరుగెత్తేవాడికి వేడొక్కటే లెక్క కాదు. 1950లలో అమెరికా సైనిక శిబిరాల్లో కుర్రాళ్లు ఎండకు పడిపోతుంటే ఒక కొలత కట్టారు: తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెప్పినదానికి నూటికి 70 వంతులు, ఎండలో పెట్టిన నల్లగోళంలోనిదానికి 20, నీడలోని మామూలు దానికి 10. ఉక్కపోత ఊళ్లల్లో మొదటిది పెరుగుతుంది, చెమట ఆరదు. మాది పొడి ఎండ, చెమట ఆరిపోతుంది. ఆరిపోయేది మంచిదే, కానీ అది మోసం కూడా చేస్తుంది: చొక్కా తడవలేదు గనక ఒంట్లో నీరు పోలేదనుకుంటాడు. పోయింది. గాలి తాగేసింది. అందుకే మా అమ్మలు దాహం వేసిన తర్వాత కాదు, ఇల్లు కదిలే ముందే ఉప్పేసిన మజ్జిగ తాగించేవాళ్లు.

టోక్యో ఒలింపిక్స్‌వాళ్లు ఎండకు జడిసి మారథాన్‌ను సుమారు 800 కిలోమీటర్ల ఉత్తరాన సప్పొరోకు తీసుకుపోయారు. అక్కడా వేడి తగ్గకపోతే, 2021 ఆగస్టు 7న ఆడవాళ్ల పరుగును ఏడింటి నుంచి ఆరింటికి జరిపారు. ఆ సంగతి ముందు రోజు రాత్రి చెప్పారు. ప్రపంచమంతా చూసే పరుగుకు యథాతథం లేదు. మాది కదపకూడదు. ఎందుకంటే ఏడింటికి పెడితే ఎనిమిదిన్నరకు అతిథి వస్తాడు.

ఇప్పుడు వ్యాఖ్య పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఏప్రిల్‌లో ఏదో అవగాహన కోసం బడిపిల్లలతో 2కె రన్ పెట్టారు. పరుగు రెండు కిలోమీటర్లు. నిలబడ్డది గంటన్నర, తారురోడ్డు మీద, జెండా ఊపేవాళ్ల కోసం. ఏడో తరగతి అమ్మాయి ఒకతి నిలబడినచోటే కూలబడింది. ముఖాన నీళ్లు కొడితే లేచింది, ఏమీ కాలేదు. ‘పిల్లలు ఎండలో నిలబెట్టబడ్డారు’ అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు; నా పేరు రాదు. కానీ ఆ రోజు వరసలు సరిచేసింది నేనే. నిలబెట్టబడలేదు. నిలబెట్టాను.

తాత్పర్యము

మన పెద్దలకు పంచాంగంలో 27 కార్తెలున్నాయి. 365 రోజులను పంచితే ఒక్కోటి 13, 14 రోజులు. మనిషి ఒళ్లు కొత్త వేడికి అలవాటుపడటానికి ఈనాటి వైద్యులు చెప్పే గడువూ పది నుంచి పద్నాలుగు రోజులే. కాబట్టి పరుగుకు నియమాలు కావాలంటే ఏడాదికొక్కటి కాదు, కార్తెకొకటి పెట్టుకోవాలి. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నవాళ్లు మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయనీ అన్నారు. అదే అసలైన ప్రకటన.

మా గుంపుకు నేను రాసిచ్చినది ఇది, ‘బడు’ లేకుండా. ఎండాకాలం మబ్బులో వస్తాం, పొద్దు పొడిచేసరికి ముగిస్తాం. చీకట్లో ఊరి దారినే పరుగెత్తుతాం, వెలుతురొచ్చాకే గుళ్ల వైపు. ఎండ ముదిరే కార్తెలో మొదటి వారం సగం దూరమే. బండలు తడిస్తే గండి వైపు పోము. ఉరిమితే ఆ రోజుకు లేదు. చలికాలం మంచు విడిచేదాకా ఆగుతాం. ముఖ్య అతిథి వస్తే మజ్జిగ పోస్తాం. రాకపోతే ఆయన వంతు మేం తాగి, ఉగ్గాని బజ్జీకి పోతాం.

మే నెలాఖరున గండికోటలో పొద్దు పొడిచేది ఉదయం 5:45 ప్రాంతంలో. నేను నాలుగున్నరకు కోటవాకిలి దగ్గర ఉంటాను. మీరు రాగలరు. ఇక్కడ ‘గల’ శక్తిని చెప్పేదే.